మూడో చరణానికి ముందే శాలువా

సౌండు పనిలోకి కొత్తగా దిగినవాళ్ళు నన్ను చూడ్డానికి వస్తే ముందు అడిగేది మిక్సరు గురించే. ఎన్ని చానళ్ళది కొనాలి, బెంగుళూరులో కొంటే మేలా చెన్నైలో కొంటే మేలా, పాతది తీసుకుంటే ఏమవుతుంది. నేను చెప్తాను. ఫోనులో రాసుకుంటారు. టీ తాగి వెళ్ళిపోతారు. సభలో కూర్చునే మనుషుల గురించి మాత్రం ఇంతవరకూ ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. వాళ్ళకు కావలసింది పెట్టె. పెట్టె గురించి ఎవరైనా చెప్తారు. అందుకని ఎవరూ అడగని సంగతి నేనే రాసిపెడుతున్నాను. చదవకపోతే మీ ఖర్మ.

మదనపల్లెలో ముప్పైఏడేళ్ళు మైకుసెట్టు నడిపాను. పెళ్ళిళ్ళు, భజనలు, బడి వార్షికోత్సవాలు, ఎన్నికల ఆటోలు, అన్నీ అయ్యాయి. వాటి జోలికి ఇప్పుడు పోను. ఏ సభకు ఎన్ని బాక్సులు పెట్టానో చెప్పి మిమ్మల్ని విసిగించను. నాకు నిజంగా బుద్ధి వచ్చింది ఒక పాటగాడి దగ్గర, అతని పాటకు నేను చేసిన ఒక పాడుపని దగ్గర. అది చెప్తాను.

దొరస్వామన్న చెప్పిన రెండు మాటలు

నాకు పని నేర్పింది దొరస్వామన్న. ఆయన షాపులో చేరేనాటికి నాకు వైరు చివర గీకడం కూడా రాదు. మొదటి రోజే ఒక భజనకు తీసుకెళ్ళి, స్పీకరు పక్కన కాకుండా జనం వెనకాల కూర్చోబెట్టాడు.

"అందురూ స్టేజీ పక్క సూస్తారు నాగప్పా. జనాన్ని సూసేది మనమొక్కరమే. వాళ్ళ మెడలు సూడు. మెడ ముందుకు సాగిందంటే ఇనబళ్ళేదని. ఎనక్కి పోయిందంటే ఎక్కువైందని. నీ పెట్టెలో ఎలిగే లైట్లు నమ్మొద్దు, మెడలు నమ్ము" అన్నాడు.

ఇది ఇప్పటికీ నిజం. రెండు లక్షలు పోసి కొన్న డిజిటల్ మిక్సరు ముందు కూర్చుని తెర మీది గీతలు చూసుకునే మహానుభావులు దీన్ని పెద్దక్షరాలతో రాసుకోవాలి.

ఆయన రెండో మాట కూడా చెప్పాడు. "చప్పట్లు పడినాయంటే ఆడికి పాట అయిపోయినట్టే. మైకు తగ్గించెయ్. పాడేటోనికి యాడ ఆపాలో తెలీదు, జనానికి తెలుసు" అన్నాడు. ముప్పైఏళ్ళ పైన నేను ఈ మాటను కళ్ళకద్దుకుని పాటించాను. దొరస్వామన్న మంచి మనిషి, నాకు అన్నం పెట్టిన మనిషి. కానీ ఈ రెండో మాట శుద్ధ తప్పు. అది తప్పని తెలియడానికి నాకు కుప్పంలో ఒక ఆడమనిషి బతుకు వీధిన పడేదాకా పట్టింది.

పశువుల కాంపౌండరు గిటారు

పుంగనూరు రెడ్డెప్ప పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. ఆవుకు సూది వేయడానికి పోయినవాడికి ఇంటి పెరటి గుండా దారి ఉంటుంది. ముందు వాకిట్లో మర్యాదగా మాట్లాడుకునేవాళ్ళు పెరట్లో ఏం మాట్లాడుకుంటారో అతనికి తెలుసు. అవన్నీ మనసులో పెట్టుకుని పాటలు కట్టేవాడు. మాటలూ అతనివే, వరసలూ అతనివే. హాస్టలు ఖాళీ చేసి పోతున్న ఒక కాలేజీ పిల్లవాడి దగ్గర గిటారు కొన్నాడు. దాన్ని చూసి మొదట్లో జనం "ఇది ఏం వీణప్పా, ఇంత పొట్టిగా ఉండాది" అని అడిగారు. రెడ్డెప్ప ఓపికగా చెప్పేవాడు. తర్వాత చెప్పడం మానేసి, వీణే అనేవాడు.

అతని పాటల్లో దేవుడూ ఉండడు, దేశమూ ఉండదు, ప్రేమ కూడా తక్కువే. ఎదురెదురు అంగళ్ళవాళ్ళుంటారు, బస్సులో సీటు కోసం కిటికీలోంచి తువ్వాలు వేసేవాళ్ళుంటారు, ఊళ్ళో ప్రతి ఫ్లెక్సీలోనూ మూలన తన ఫొటో వేయించుకునే పెద్దమనిషి ఉంటాడు. పాట అనేవాళ్ళు, నిజానికి అవి కథలు. మొదటి చరణంలో మనిషిని నిలబెడతాడు, రెండో చరణంలో ఆ మనిషిని పట్టుకుని నవ్విస్తాడు. మూడో చరణం సంగతి తర్వాత చెప్తాను, ఎందుకంటే అప్పటికి నాకూ తెలియదు.

జనానికి రెడ్డెప్ప అంటే పిచ్చి. ఆ మెచ్చుకోలు ఎలాంటిదో వెనకాల కూర్చుని చూసినవాణ్ణి, నేను చెప్పాలి.

పుంగనూరులో ఎదురెదురుగా రెండు అంగళ్ళు. ఇద్దరు యజమానులకూ ఏళ్ళ తరబడి మాటల్లేవు. కానీ ఎదుటివాడు షట్టరు దించేదాకా తాను దించడు. గిరాకీ లేకపోయినా ఇద్దరూ గుడ్లప్పగించి ఒకరినొకరు చూసుకుంటూ కూర్చునేవాళ్ళు. రెడ్డెప్ప దాని మీద పాట కట్టాడు. పేర్లు లేవు, అక్కర్లేదు కూడా. ఆ సభలో ఇద్దరూ మొదటి వరసలోనే, ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు. ఇద్దరూ కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వారు. సభ అయ్యాక ఒకాయన స్టేజీ వెనక్కి వచ్చి రెడ్డెప్ప చేతులు పట్టుకుని, "వానికి బాగా పెట్టినావప్పా" అన్నాడు. ఆయన అటు పోయాడో లేదో రెండో ఆయన ఇటు వచ్చి, అక్షరం పొల్లు పోకుండా అదే మాట అన్నాడు. నేను వైర్లు చుడుతూ విన్నాను.

ఇంకోసారి నిమ్మనపల్లె నుంచి ఒక రైతు కోపంగా వచ్చాడు. "పుంగనూరు మీద పాడతావు, మదనపల్లె మీద పాడతావు, కుప్పం మీద పాడతావు. మా మీద ఒక్కటీ లేదే? మేము మనుషులం కాదా? మా ఊళ్ళో వెధవలు లేరా?" అని నిలదీశాడు. రెడ్డెప్ప క్షమాపణ చెప్పి, త్వరలో వస్తానని మాటిచ్చాడు.

ఇదీ శ్రోతల అభిరుచి. పాటలో పక్కవాడు కనిపించాలి. తాను కనిపించకూడదు. ఊరు మాత్రం కనిపించాలి. ఈ మూడూ కుదిరితే రెడ్డెప్ప అంతటి కళాకారుడు లేడు.

శాలువాల జయరామప్ప

ఇంత మెచ్చుకునేవాళ్ళు ఊరుకుంటారా? సన్మానం చేస్తారు. పుంగనూరు కళాభిమాన సంఘం అధ్యక్షుడు జయరామప్ప. బట్టల అంగడి ఆయనది. అంగట్లో రంగు వెలిసిన శాలువాలన్నిటికీ ఆయన కళలో దారి చూపించాడు. మంచి మనిషే, చెడ్డవాడు కాడు. కానీ పాట మీద ప్రేమ పొంగిందంటే కుర్చీలో కూర్చోలేడు. అదే ఆయన జబ్బు.

మా పక్క శాలువా ఎప్పుడు కప్పుతారో తెలియనివాళ్ళకు చెప్తాను. పాట అయ్యాక కాదు. పాట మధ్యలో, జనం బాగా నవ్వి చప్పట్లు కొట్టే క్షణంలో కప్పాలి. అప్పుడైతే ఆ చప్పట్లు పాటకు పడ్డట్టూ ఉంటుంది, శాలువాకు పడ్డట్టూ ఉంటుంది, ఫొటోలో జనం చేతులెత్తి ఉంటారు. పాట అయ్యేదాకా ఆగితే చప్పట్లు చల్లారిపోవూ? జయరామప్ప ఒళ్ళో శాలువా మడత పెట్టుకుని, పెళ్ళికొడుకు తాళిబొట్టు పట్టుకున్నట్టు సిద్ధంగా కూర్చునేవాడు. రెండో చరణం అయి జనం గొల్లుమనగానే స్టేజీ ఎక్కేవాడు. పాట ఆగిపోయేది. శాలువా, దండ, ఫొటో, మళ్ళీ ఫొటో, తర్వాత కార్డ్‌లెస్ మైకు తీసుకుని కాసేపు ప్రసంగం. ప్రసంగం చివర, "ఇప్పుడు రెడ్డెప్పగారు మరొక పాట పాడతారు" అనేవాడు.

మరొక పాట. ఆగిన పాట కాదు.

"అధ్యక్షా, పాట ఇంగా ఉండాది" అని రెడ్డెప్ప ఎన్నడూ అనలేదు. ఒకసారి నేనే అడిగాను, ఆ ఆగిపోయినదాన్ని మళ్ళీ ఎత్తుకోవచ్చు కదా అని. "శాలువా కప్పినాక ఇంగా పాడితే ఏమనుకుంటారన్నా? ఇంత మర్యాద చేస్తే గమ్మున ఉండడే, పొగరు అనుకోరా?" అన్నాడు. నాకు అది సబబుగానే తోచింది. దొరస్వామన్న చెప్పిందీ అదే కదా, చప్పట్లు పడ్డాయంటే పాట అయిపోయినట్టే.

నేను చేసిన పని

రెడ్డెప్పకు ఉద్యోగంలో రెండేళ్ళు కుప్పం బదిలీ అయింది. అక్కడ ఒక పిండిమిషను పక్క గదిలో అద్దెకున్నాడు. మిషను లక్ష్మమ్మది. భర్త పోయాక తానే బెల్టు వేసి, తానే మోటారు తిప్పి, ఇద్దరు ఆడపిల్లల్ని చదివించింది. రెడ్డెప్ప పుంగనూరుకు తిరిగి వచ్చాక ఆమె మీద పాట కట్టాడు.

పిండిమిషను దగ్గర ఏం జరుగుతుందో ఆడవాళ్ళకు చెప్పనక్కర్లేదు. గోధుమలు పోసి, పిండి రాలే గుడ్డ గొట్టం దగ్గర కాపలా నిలబడతారు. పిండి ఆగిపోయాక గొట్టాన్ని అరచేత్తో దబదబా కొడతారు. ఇంకొంచెం రాలుతుంది. మళ్ళీ కొడతారు. ఇంటికి పోయి డబ్బా చూసుకుని, తగ్గింది, మిషనామె ఉంచేసుకుంది అంటారు. ప్రతి ఊళ్ళోనూ ప్రతి మిషను మీదా ఉన్న అనుమానమే. రెడ్డెప్ప దాన్ని ఇలా ఎత్తుకున్నాడు:

*తట్టవే గొట్టాన్ని తట్టవే, తట్టంగ తట్టంగ రాలాల*
*పోసింది నిండు డబ్బా, వచ్చింది అరచేయి తక్కువ*
*ఆ తక్కువ యాడ పోయె లచ్చుమమ్మా, నీ ఎనకింటి గదిలోకా?*

మొదటి చరణంలో గొట్టం దగ్గర నారమ్మా, మిగతా ఆడవాళ్ళూ కాపలా. రెండో చరణంలో, లచ్చుమమ్మ ఇంట్లో ఏడాదంతా పండగే, కొనకుండానే పూరీలు, పోయకుండానే దోసెలు అని ఆడవాళ్ళు చెవులు కొరుక్కోవడం. వాళ్ళ గొంతులు అతను పట్టిన తీరుకు పుంగనూరులో జనం కుర్చీల్లోంచి జారి కిందపడ్డారు. సరిగ్గా అక్కడ జయరామప్ప లేచాడు. శాలువా, దండ, ఫొటో, మళ్ళీ ఫొటో.

నేను ఆ సభను రికార్డు చేశాను. మర్నాడు షాపులో కూర్చుని పాటను కత్తిరించాను. నవ్వులూ చప్పట్లూ లేచిన చోట శబ్దాన్ని మెల్లమెల్లగా దించి, తేనె జారినట్టు ఆపాను. అంత చక్కటి ముగింపు అంతకు ముందు చేయలేదు. మురిసిపోయి నాలుగుసార్లు విన్నాను. అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ ఫోనుకు పంపాను. వారం తిరక్కుండా మదనపల్లె, పలమనేరు, కుప్పం అంతా అదే పాట. ఆటోల్లో అదే, ఫోను మోగితే అదే. "ఎడిటింగు ఎవురిదన్నా?" అని అడిగితే, నాదే అని ఛాతీ విరుచుకున్నాను. నా గొప్పతనం అక్కడికి.

కుప్పం నుంచి వచ్చినామె

ఒకరోజు పొద్దున ఒకామె షాపు ముందు నిలబడింది. చేతిలో గుడ్డసంచి. యాభై దాటిన మనిషి. మోచేతుల దాకా పాత పిండి తెల్లగా ఇంకిపోయినట్టు ఉంది.

"నాగప్పంటే నువ్వేనా అప్పా?"

"నేనేమ్మా. ఏం కావాల? పెళ్ళికా?"

"పెళ్ళికి కాదు. పాట కోసరం వచ్చినా. కుప్పంలో ఎవుర్ని అడిగినా మదనపల్లెలో నాగప్ప పంపిచ్చినాడని అంటాండారు. నేను లక్ష్మమ్మను. పాటలో ఉండే లచ్చుమమ్మను."

నేను కుర్చీ వేశాను. ఆమె కూర్చోలేదు.

"పాట బాగుండాదప్పా. నాకే నవ్వొచ్చింది. ఆ రెడ్డెప్ప మా ఇంట్లో రెండేండ్లు ఉండినోడు, నా చేతి రాగిసంగటి తిన్నోడు. వాని గొంతు ఇని, మావోడే కదా అని సంబరపడినా. ఆ తర్వాత మిషను కాడికి జనం రాడం తగ్గింది. ముందు అయిదుమంది, తర్వాత ముగ్గురు. ఇప్పుడు ఎవురూ రారు. పక్కవీధి మిషనుకు పోతాండారు. బిడ్డలు నన్ను సూసి పిండిదొంగ, పిండిదొంగ అని పాడతారు. వాళ్ళను తిట్టేదానికి కూడా నాకు మనసు రాలేదు, వాళ్ళకేం తెలుసు?"

"అమ్మా, అది తమాషాకి..."

"నీకు తమాషా. నాకు మోటారు తుప్పు పడతాండాది. ఈ నెల సూస్తా. జనం రాకుంటే మిషను పాత ఇనుముకు వేసేస్తా. ఇరవై రెండేండ్లు ఒకరి గింజ ముట్టుకోలేదు నేను. ఇది నీకు చెప్పి పోదామని వచ్చినా. ఇంగేం లేదు."

నీళ్ళిస్తే తాగి, సంచి సర్దుకుని బస్టాండు వైపు నడిచింది. తిట్టి ఉంటే బాగుండేది. తిట్టకుండా పోయినవాళ్ళ మాట పది రోజులు చెవిలో తిరుగుతుంది. నాకు సిగ్గేసింది. నిజంగా సిగ్గేసింది.

ఎవరూ వినని చరణాలు

మధ్యాహ్నం బస్సుకే పుంగనూరు పోయాను. రెడ్డెప్ప ఒక గేదెకు మందు తాగిస్తున్నాడు. సంగతి చెప్తే చేతిలోని సీసా కింద పెట్టేశాడు.

"అన్నా, పాట అది కాదన్నా. మూడో చరణం ఉండాది" అన్నాడు.

"ఉంటే యాల పాడలేదు?"

"యాడ పాడనిస్తిరి?"

గేదెను పక్కకు తోలి, గిటారు లేకుండా, అక్కడే పేడ వాసనలో పాడాడు:

*నీ సంచిలో సూడవే నారమ్మా, ముందామె పోసిన రాగులు*
*రాగులామె సంచిలో సూడవే, అంతకు ముందామె శెనగలు*
*నీది పోయి ఆమెకు, ఆమెది వచ్చి నీకు*
*ఊరంతా ఊరి పిండే తింటాండాది, లచ్చుమమ్మ తిన్నింది దుమ్మే*

నిజమే కదా. మిషనులో నిలిచిన పిండి ఎక్కడికి పోతుంది? తర్వాత పోసినామె సంచిలోకే పోతుంది. ఆమెది ఆ తర్వాతామెకు. ఇన్నేళ్ళుగా మా ఇంటి చపాతీలో ఎవరెవరి రాగులు తిన్నామో! ఆ పాట లక్ష్మమ్మను ఎగతాళి చేయడానికి కట్టింది కాదు, ఆమె మీద పడ్డ నింద తుడవడానికి కట్టింది. మేమందరం కలిసి నింద ఉంచుకుని, తుడిచే గుడ్డ పారేశాం.

"మిగతా పాటలకూ మూడో చరణాలు ఉండాయా?" అని అడిగాను.

"అన్నిట్లకూ ఉండాయన్నా."

ఎదురెదురు అంగళ్ళ పాటకు కూడా ఉందట. అందులో ఒకాయనకు జ్వరమొచ్చి అంగడికి రాలేదు. రెండో ఆయన ఆ పూట తన షట్టరు తీయలేదు. చూసేవాడు లేకపోతే తెరిచి ఏం లాభం అని కూర్చున్నాడు. అది విని ఉంటే ఆ ఇద్దరూ స్టేజీ వెనక్కి వచ్చి ఏమనేవాళ్ళో! ఆరేళ్ళు అతనికి మైకు పెట్టినవాణ్ణి, ఒక్క ముగింపూ వినలేదు. అయినా రెడ్డెప్పను నేను పూర్తిగా వెనకేసుకురాను. నిజమైన మనిషి పేరు పెట్టి పాట కట్టినవాడు, ఆ పాట చివరిదాకా పాడే ధైర్యం కూడా పెట్టుకోవాలి. అదే అతనితో అన్నాను.

అప్పుడు తెలివైన పని అనుకుని ఇంకొకటి చేశాం. మూడు చరణాలూ షాపులో పాడించి, మొత్తం పాటను ఫోన్లకు పంపాను. పాట అయిదు నిమిషాలు. పంపిన పది సెకండ్లకే "సూపర్ అన్నా" అని జవాబులు వచ్చాయి. చప్పట్లు కొట్టే బొమ్మలు, దండం బొమ్మలు, ఒకాయనైతే ఏడ్చే బొమ్మ కూడా పెట్టాడు. ఎవరూ చివరిదాకా వినలేదు. ఇంకొకాయన ఓపిగ్గా విని, నవ్వొచ్చేదాకా కత్తిరించి, "ఇది బాగుండాది, లెంగ్తు తగ్గించినా" అని నాకే తిరిగి పంపాడు. నా విద్య నాకే తగిలింది.

కుప్పం సభ

ఆ నెలాఖరు ఆదివారం సాయంత్రం నాలుగింటికి కుప్పంలో ఒక కల్యాణమండపంలో రెడ్డెప్ప పాటల సభ. మైకు నాది. ముఖ్య అతిథి ఎవరనుకున్నారు? జయరామప్పే. కుప్పంవాళ్ళు శాలువాలు లేని ఊరివాళ్ళు కాదు, అయినా ఆయన తనవి తానే తెచ్చుకున్నాడు.

ముందురోజే ఫోను చేసి లక్ష్మమ్మను రమ్మన్నాను. "నా మీద నవ్వేది నేను కూర్చుని సూడాల్నా?" అంది. అయినా వచ్చింది. చివరి వరసలో, నా మిక్సరు పక్కన కూర్చుంది. ఆమె రాగానే ముందు వరసల్లో ఆడవాళ్ళు వెనక్కి తిరిగి చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. రెడ్డెప్ప స్టేజీ మీద నుంచి ఆమెను చూశాడు.

మొదలుపెట్టే ముందు అతనితో ఒకటే చెప్పాను. "ఎవురన్నా పైకొచ్చినా ఆపొద్దు. నువ్వు పాడితే మైకు నేను సూసుకుంటా."

తట్టవే గొట్టాన్ని అని ఎత్తుకున్నాడు. మండపమంతా అందుకుంది, పాట అందరికీ కంఠతా వచ్చు. మొదటి చరణానికి నవ్వులు, రెండో చరణానికి ఈలలు. లక్ష్మమ్మ ఒళ్ళో సంచిని రెండు చేతులతో పట్టుకుని నేలకేసి చూస్తోంది. చప్పట్లు లేచాయి. జయరామప్ప లేచాడు.

ఆయన చేతిలోని కార్డ్‌లెస్ మైకును నేను నా పెట్టెలో మీట నొక్కి ఆపేశాను. "సభకు నమస్కారం" అన్నాడు, గాలి మాత్రమే వచ్చింది. మైకును తట్టాడు, ఊదాడు. "నాగప్పా, మైకు!" అని అరిచాడు. నేను టేబులు కిందికి వంగి, బాగున్న వైరును దీక్షగా పరిశీలించాను.

కానీ శాలువాకు మైకుతో పనేముంది? ఆయన నేరుగా వెళ్ళి రెడ్డెప్ప భుజాల మీదుగా కప్పేశాడు. అది జారి గిటారు తీగల మీద పడింది. తీగలు మూగబోయాయి. దండ కూడా వేశాడు. ఫొటో కోసం పక్కన నిలబడి నవ్వాడు. రెడ్డెప్ప ఆగాడు. అలవాటు కొద్దీ చేతులు జోడించాడు.

అప్పుడు చివరి వరస వైపు చూశాడు. జోడించిన చేతులు దించలేదు, కానీ అలాగే, తాళం లేకుండా, శాలువా కిందనుంచి ఎత్తుకున్నాడు.

*నీ సంచిలో సూడవే నారమ్మా...*

దొరస్వామన్న ఉంటే తగ్గించమనేవాడు. నేను అతని మైకును పైకి తోశాను. చప్పట్ల మీద నుంచి అతని గొంతు వచ్చింది. ఏదో కొత్తది వస్తోందని చప్పట్లు ఒక్కొక్కటే ఆగాయి. జయరామప్ప నవ్వు అలాగే ఉంచుకుని పక్కన నిలబడ్డాడు, దిగాలో వద్దో తెలియక. నేను మెడలు చూశాను. అన్ని మెడలూ ముందుకు సాగి ఉన్నాయి. వినబడక కాదు.

*ఊరంతా ఊరి పిండే తింటాండాది, లచ్చుమమ్మ తిన్నింది దుమ్మే.*

పాట అయిపోయింది. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. ముప్పైఏడేళ్ళలో అంత గమ్మునున్న సభను నేను చూడలేదు. ఇంతసేపూ పక్కామెను చూసి నవ్విన ఆడవాళ్ళు, ఇప్పుడు ఆ పక్కామె సంచిలో తమ గింజలు లెక్కేసుకుంటున్నట్టు కూర్చున్నారు. జయరామప్ప దిగి నా దగ్గరకు వచ్చి, "చివర్లో పాట డల్లయిపోయిందప్పా. సౌండు సరిగ్గా పెట్టలేదు నువ్వు" అన్నాడు. నేను ఒప్పుకున్నాను. నలుగురు మగవాళ్ళు బయట నిలబడి, మూడో చరణం అనవసరం, రెండు చరణాలు చాలు, క్లుప్తంగా ఉంటేనే కళ అని తేల్చారు. ఇది కూడా రాసుకోండి: మీరు చేసిన పనిలో అన్నిటికంటే మంచిది జరిగిన రోజున మీకు దక్కేది ఇలాంటి మాటలే.

లక్ష్మమ్మ ఏడవలేదు. రెడ్డెప్ప వచ్చి కాళ్ళ దగ్గర కూర్చుంటే, "లెయ్యిరా, ప్యాంటు మాసిపోతాది" అంది. అంతే.

నేను వైర్లు చుట్టడం మొదలుపెట్టాను. జనం బయటికి పోతున్నారు, ఆమెను దాటుకుంటూ, ఆమె వైపు చూడకుండా. ఒక్కామె మాత్రం గుమ్మం దాకా పోయి ఆగింది. ఇందాక అందరికంటే గట్టిగా నవ్వినామె. కొంగు సర్దుకుంటూ వెనక్కి వచ్చి నిలబడింది.

"రేపు మిషను ఆడతాదా లచ్చుమమ్మా?"

లక్ష్మమ్మ సంచి భుజానికి తగిలించుకుంది.

"ఆరింటికే తీస్తా. కానీ నువ్వు మొదట రావద్దు."

"యాల?"

"ఇన్ని దినాలు కాలీగా ఉండాది మిషను. మొదట పోసినామె పిండి కాస్త లోపలే నిలబడిపోతాది, ఆమెకు తగ్గుతాది. రెండోదానివిగా రా."

ఆమె ఆలోచించింది. "సరే. అయితే మొదట మా ఆడబిడ్డను పంపిస్తాలే" అంది.